గ్రాఫిక్సు కార్డుల సామర్థ్యపరీక్ష: ఆటల ఎన్నిక, కొలత విధానములు

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని పెద్దలు చెప్పుదురు. కుండలోని బియ్యమంతయు ఒకే నీటిలో, ఒకే మంటపై ఉడుకును గనుక ఆ మాట సత్యము. గ్రాఫిక్సు కార్డు విషయమున మాత్రము ఈ సామెత చెల్లదు. దానిని పరీక్షించుటకు వాడు కంప్యూటరు ఆటలు ఒకే కుండలోని మెతుకులు కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క పొయ్యిపై వేరుగా వండినది. ఒక ఆటలో ముందు నిలిచిన కార్డు మరియొక ఆటలో వెనుకబడుట సామాన్యము. కావున ఏ ఆటలను ఎన్నుకొనవలెను, వానిని ఏ రీతిగా కొలువవలెను అనునవియే ఈ పరీక్షకు ప్రాణప్రదమైన ప్రశ్నలు.

ఇది కేవలము వినోదమునకు సంబంధించిన విచారణయని కొందరికి తోచవచ్చును. కాని ఒక మంచి కార్డు వెల అనేక మధ్యతరగతి కుటుంబముల ఒక నెల ఆదాయమునకు తీసిపోదు. కొనువారు దానిని దుకాణమున అమర్చి, ఆడి చూచి కొనుటకు వీలు లేదు. పత్రికలలోను, యూట్యూబులోను పరీక్షకులు ప్రకటించు పట్టికలే వారికి ఆధారము. పట్టికలోని అంకె సత్యమే అయినను, అది కొనువాని ప్రశ్నకు సమాధానము కానిచో, నష్టపోవునది ఆ కుటుంబమే. అట్టి అంకెలు ఎట్లు పుట్టుచున్నవో, వానిని ఎంతవరకు నమ్మవచ్చునో ఎరుగుట అవసరము.

కొలువబడునది ఏమి?

ఆటలోని ప్రపంచమున ఎవరెక్కడ నున్నారో, ఏ వస్తువు ఎటు కదలినదో కంప్యూటరులోని ప్రాసెసరు లెక్కకట్టును. ఆ లెక్కను అందుకొని చిత్రముగా గీసి తెరకు పంపుట గ్రాఫిక్సు కార్డు పని. ఇట్టి ఒక్కొక్క చిత్రమునకు ఫ్రేము అని పేరు. సెకనుకు 60 ఫ్రేములు వచ్చినచో ఒక్కొక్క ఫ్రేమునకు సగటున 16.7 మిల్లీసెకనుల కాలము పట్టినదన్నమాట. తెరయందలి చుక్కలు, అనగా పిక్సెళ్లు, పెరిగిన కొలది కార్డునకు శ్రమ పెరుగును. 1920×1080 కొలత గల తెరపై 20,73,600 పిక్సెళ్లుండును. 3840×2160 కొలత గల తెరపై 82,94,400 ఉండును. రెండవది మొదటిదానికి సరిగా నాలుగు రెట్లు.

సెకనుకు ఎన్ని ఫ్రేములు వచ్చినవో లెక్కించుట మొదటి చూపునకు తేలికగా కనబడును. అందలి చిక్కులు ఈ విద్య పెరిగిన చరిత్రవలననే బయటపడినవి.

తొలినాటి పరీక్ష

అమెరికాలోని ఐడి సాఫ్ట్‌వేర్ సంస్థవారు 1996లో వెలువరించిన క్వేక్ అను ఆటలో ‘టైమ్ డెమో’ అను సౌకర్యముండెను. ముందుగా నమోదు చేసిన ఒక ఆటను కంప్యూటరు తన శక్తికొలది వేగముగా తిరిగి ప్రదర్శించి, చివర సగటు ఫ్రేముల సంఖ్యను తెలుపును. ఎవరు, ఎక్కడ చేసినను పరీక్ష ఒక్కటే. 1999 చివర వెలువడిన క్వేక్ 3 ఎరీనాలోను ఈ సౌకర్యము కొనసాగినందున, ఆ ఆట చాల కాలము పరీక్షకులకు గీటురాయిగా నుండెను.

అయితే గీటురాయి కూడ అరిగిపోవును. కొన్ని సంవత్సరములలో కార్డులు ఆ ఆటను సెకనుకు వందల కొలది ఫ్రేములతో నడపసాగెను. ఆ దశలో కార్డు ఇంకను వేగముగా గీయగలిగినను, ప్రాసెసరు అంత వేగముగా లెక్క అందింపజాలదు. అప్పుడు పట్టికలో కనబడునది కార్డు శక్తి కాదు, ప్రాసెసరు హద్దు మాత్రమే. పరీక్షకు ఎన్నుకొన్న ఆట కార్డునకు తగినంత బరువైనదిగా నుండవలెనను సూత్రము ఇందువలన తేలినది.

రెండు వివాదములు

అందరును ఒకే ఆటతో పరీక్షింతురని తెలిసినప్పుడు, ఆ ఆటకొరకే కార్డును సిద్ధపరచు ఆశ తయారీదారులకు కలుగుట సహజము. 2001 అక్టోబరులో ఏటిఐ సంస్థవారి రేడియాన్ 8500 కార్డు విషయమున ఇట్టిదొకటి బయటపడెను. కార్డును నడపు సాఫ్ట్‌వేరునకు డ్రైవరు అని పేరు. పరీక్షకులు క్వేక్ 3 ఫైలు పేరును ‘క్వాక్’ అని మార్చి నడపగా, అదే కార్డుపై అదే ఆట వేగము తగ్గినది. చిత్రముల నాణ్యత మాత్రము మెరుగుపడినది. అనగా ఆట పేరును గుర్తించి, చిత్రనాణ్యతను కొంత తగ్గించి వేగమును పెంచు ఏర్పాటు డ్రైవరులో నుండెనన్నమాట. తరువాతి డ్రైవరులో ఆ నాణ్యతాలోపము సవరింపబడినది.

రెండవ వివాదము 2003 నాటిది. ఫ్యూచర్‌మార్క్ సంస్థవారి త్రీడీమార్క్ 03 నిజమైన ఆట కాదు. పరీక్షకొరకే నిర్మించిన దృశ్యమాలిక. అందు కెమెరా ఎల్లప్పుడు ఒకే దారిని పోవును. ఎన్విడియా సంస్థవారి డ్రైవరు ఆ దారినుండి కనబడని భాగములను గీయకుండ విడిచిపెట్టుచున్నదనియు, ఇట్టి ఏర్పాట్లు మరికొన్ని కలవనియు ఫ్యూచర్‌మార్క్‌వారు ఆ సంవత్సరము మే నెలలో ప్రకటించిరి. ఆ ఏర్పాట్లు పనిచేయకుండ సవరించిన కూర్పుతో పరీక్షింపగా జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5900 అల్ట్రా కార్డు మార్కులు 24.1 శాతము వరకు తగ్గెను. ఏటిఐ కార్డు మార్కులును 1.9 శాతము తగ్గెను. మరుసటి నెలలో ఫ్యూచర్‌మార్క్, ఎన్విడియా సంస్థలు ఉమ్మడి ప్రకటన గావించి, అది ఆ ప్రోగ్రామునకై ప్రత్యేకముగా చేసిన మెరుగుదలయే గాని మోసము కాదని చెప్పిరి.

పేరేదైనను, కొనువానికి కావలసిన గీత స్పష్టమే. డ్రైవరులోని మెరుగుదల ఆ ఆటను ఆడువానికి ప్రతి దారిలోను, చిత్రము చెడకుండ మేలు చేసినచో అది న్యాయమైన నేర్పు. పరీక్షలో మాత్రమే మేలు చేసినచో, అది ప్రశ్నపత్రము ముందే చూచిన విద్యార్థి తెచ్చుకొన్న మార్కువంటిది. కార్డు చెడిపోయినదో, సరిగా పనిచేయుచున్నదో సరిచూచుకొనుటకు త్రీడీమార్క్ వంటి కృత్రిమ పరీక్షలు నేటికిని ఉపయోగకరములే. ఏ కార్డు కొనవలెనను నిర్ణయమునకు మాత్రము జనులు నిజముగా ఆడు ఆటలే ఆధారము కావలెను.

ఆటల ఎన్నిక

ఎన్నికలో మొదట చూడవలసినది వైవిధ్యము. ప్రతి ఆటకును లోపల ఇంజిను అనబడు నిర్మాణ వ్యవస్థ యుండును. అన్‌రియల్ ఇంజినుపై నిర్మించిన ఆటలు అనేకములు; సైబర్‌పంక్ 2077, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వంటివి తమ సంస్థల సొంత ఇంజినులపై నిర్మితములు. ఒకే ఇంజినుపై నడచు పది ఆటలను ఎన్నుకొన్నచో పది సాక్ష్యములు లభించినట్లు కాదు. ఒకే సాక్షి అనేక పర్యాయములు పలికినట్లగును.

ఆట కార్డుతో మాటలాడు భాష కూడ ముఖ్యము. డైరెక్ట్ఎక్స్ 11, డైరెక్ట్ఎక్స్ 12, వల్కన్ అనునవి అట్టి భాషలు. 2016 మే నెలలో వెలువడిన డూమ్ ఆట మొదట ఓపెన్‌జీఎల్ అను భాషతో నడచెను. జూలైలో వల్కన్ చేర్చబడినది. ఆ మార్పువలన ఏఎండి కార్డులకు ఎక్కువ లాభము చేకూరెను. ఆట మారలేదు, కార్డు మారలేదు; భాష మారినంతనే బలాబలములు మారినవి. ఈ కారణమున పరీక్షకుడు ఏ భాషతో ఆటను నడపినదియు తప్పక తెలుపవలెను.

తయారీదారులతో ఆటల నిర్మాతలకు గల సంబంధము మూడవ విషయము. సైబర్‌పంక్ 2077 నిర్మాతలు ఎన్విడియాతోను, 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్ నిర్మాతలు ఏఎండితోను కలిసి పనిచేసిరి. అట్టి ఆటలను వెలివేయ నక్కరలేదు. జనులు వానిని ఆడుచున్నారు గదా. ఒక పక్షమువే ఎక్కువగా చేరకుండ తూచి ఎన్నుకొనిన చాలును.

బరువైన ఆటలతోపాటు కౌంటర్ స్ట్రైక్ 2, వాలరెంట్ వంటి తేలికపాటి పోటీ ఆటలును ఉండవలెను. వెలుతురు కిరణముల దారిని లెక్కకట్టు రే ట్రేసింగు గల ఆటలు, లేని ఆటలు రెండును కావలెను. వాని ఫలితములను మాత్రము వేరు వేరు పట్టికలలో చూపవలెను. రెండింటిని కలిపి ఒకే సగటుగా చెప్పినచో, రే ట్రేసింగు వాడనివానికి ఆ అంకె ఎందుకును కొరగాదు.

కార్డును మాత్రమే తూచుట

గ్రాఫిక్సు కార్డును తూచు తక్కెడలో ఇతర వస్తువులు పడకుండ చూచుట కష్టమైన పని. పరీక్షకు సాధ్యమైనంత వేగవంతమైన ప్రాసెసరును వాడుట అందుకొరకే. 1920×1080 తెరపై రెండు కార్డులును 140 ఫ్రేములే ఇచ్చినవనుకొందము. రెండును సమానమని తొందరపడి చెప్పరాదు. అవే కార్డులు 3840×2160 తెరపై ఒకటి 90, మరియొకటి 60 ఇచ్చినచో, మొదట కనబడిన సమానత్వము ప్రాసెసరు కలిగించినదని తేలును. పిక్సెళ్లు తగ్గించినను వేగము పెరుగనిచో హద్దు కార్డులో లేదని తెలిసికొనవలెను. ఆటలోని ఫ్రేముల పరిమితిని, తెర వేగముతో ఫ్రేములను జతపరచు వీ-సింక్ అను సౌకర్యమును పరీక్షాకాలమున ఆపివేయవలెను.

ఇందులో కొనువానికి ఒక హెచ్చరికయు కలదు. పట్టికలోని కార్డు మేలైన ప్రాసెసరుతో పరీక్షింపబడినది. ఇంటనున్న పాత కంప్యూటరులో దానినే అమర్చినచో అంత వేగము రాకపోవచ్చును. ఆ దోషము కార్డుది కాదు, పరీక్షకునిదియు కాదు. అట్టివారు తమ ప్రాసెసరుతో ఆ ఆట ఎంతవరకు నడచునో వేరుగా విచారించుకొని, పిమ్మట కార్డును ఎన్నుకొనుట మేలు.

షాడో ఆఫ్ ది టూంబ్ రైడర్, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, సైబర్‌పంక్ 2077 వంటి ఆటలలో పరీక్షాదృశ్యములు అంతర్గతముగనే కలవు. ప్రతి పర్యాయము ఒకే విధముగా నడచుట వాని సుగుణము. ఆటలోని మిక్కిలి బరువైన ఘట్టములు వానిలో లేకపోవచ్చుననుట వాని లోపము. అందుచేత జాగ్రత్తగల పరీక్షకులు ఆటలో ఒక స్థలమును ఎన్నుకొని, అచటినుండి నిర్ణీతమైన దారిలో ఒక నిమిషము నడచి కొలుతురు. ఇట్టి దారి తయారీదారులకు ముందుగా తెలియదు. ఇది దీని రెండవ లాభము. చేతితో నడుపునప్పుడు కొద్దిపాటి తేడాలు తప్పవు గనుక కనీసము మూడు పర్యాయములు కొలిచి చూడవలెను. ఒకే కార్డు మూడు పర్యాయములలో 71, 72, 74 ఇచ్చినచో, రెండు కార్డుల నడుమ రెండు ఫ్రేముల తేడాను గెలుపోటములుగా లెక్కింపరాదు. మొదటి పర్యాయమున ఆట తనకు కావలసిన షేడర్లు అను చిన్న ప్రోగ్రాములను సిద్ధపరచుకొనుటవలన తడబాటు కలుగవచ్చును. దానిని వేరుగా గుర్తింపవలెను.

ఆటలు కూడ కాలముతో మారుచుండును. సైబర్‌పంక్ 2077 ఆట 2020 డిసెంబరులో వెలువడినది. 2023 సెప్టెంబరులో 2.0 అను పెద్ద సవరణ వచ్చెను. సవరణకు పూర్వపు అంకెను సవరణ తరువాతి అంకె ప్రక్కన నిలుపుట తగదు. బంగారము పనివాడు క్రొత్త నగను గీటురాయిపై గీసి ఊరకుండడు. వన్నె తెలిసిన బంగారముతో దాని ప్రక్కనే మరియొక గీత గీసి రెండింటిని పోల్చును. అట్లే క్రొత్త కార్డు వచ్చినప్పుడు పాత కార్డులను కూడ అదే ఆట కూర్పుతో, నాటి డ్రైవర్లతో మరల పరీక్షించుట ఉత్తమ పద్ధతి.

సగటు దాచిపెట్టునది

సగటు అంకెలో పెద్ద లోపమొకటి కలదు. రెండు కార్డులు ఒక సెకనులో 60 ఫ్రేములు చొప్పున ఇచ్చినవనుకొందము. మొదటి కార్డు ప్రతి ఫ్రేమును సుమారు 16.7 మిల్లీసెకనులలో గీసినది. రెండవ కార్డు 57 ఫ్రేములను 12 మిల్లీసెకనుల చొప్పున గీసి, మిగిలిన మూడింటికి సుమారు 105 మిల్లీసెకనుల చొప్పున తీసికొన్నది. రెండింటి సగటు 60 మాత్రమే. అయినను రెండవ కార్డుపై ఆడువాడు ఆ సెకనులో మూడు పర్యాయములు ఆట ఆగి కదలినట్లు అనుభవించును.

ది టెక్ రిపోర్ట్ పత్రికయందు స్కాట్ వాసన్ 2011 సెప్టెంబరులో ఈ లోపమును వివరించి, సెకనును విడదీసి ఒక్కొక్క ఫ్రేమునకు పట్టిన కాలమును చూపు పద్ధతిని ప్రతిపాదించెను. 2013లో ఎన్విడియావారు ఎఫ్‌క్యాట్ అను సాధనమును వెలువరించిరి. ప్రతి ఫ్రేము అంచున ఒక రంగుపట్టీ వేసి, తెరకు చేరిన దృశ్యమును నమోదు చేసి, ఏ ఫ్రేము ఎంతసేపు కనబడినదో దానివలన కనుగొనవచ్చును. ఏఎండి కార్డులను జంటగా వాడినప్పుడు కొన్ని ఫ్రేములు తెరపై సన్నని గీతలుగా మాత్రమే కనబడుచున్నను పూర్తి ఫ్రేములుగా లెక్కింపబడుచున్నవని ఇట్టి పరీక్షలవలన రుజువయ్యెను. అదే సంవత్సరము ఆగస్టులో ఏఎండివారు దానిని సవరించు డ్రైవరును విడుదల చేసిరి. కొలత సరియైనదైనచో దోషము దిద్దబడునని ఈ వృత్తాంతము చెప్పుచున్నది.

నేడు ఇంటెల్ సంస్థవారి ప్రెజెంట్‌మాన్, దానిపై ఆధారపడిన క్యాప్‌ఫ్రేమ్ఎక్స్ వంటి ఉచిత సాధనములతో ఇంటిలోనే ఈ కొలతను తీసికొనవచ్చును. వీనివలన వచ్చు ‘1 శాతము’ అంకె మిక్కిలి నెమ్మదియైన ఫ్రేములను గూర్చి చెప్పును. కొందరు నూటికి 99 ఫ్రేములు ఎంత కాలములోపల వచ్చినవో దానిని గ్రహింతురు. మరికొందరు మిక్కిలి నెమ్మదియైన నూటికొక పాలు ఫ్రేముల సగటును చెప్పుదురు. రెండును ఒకటి కావు. తాము వాడిన అర్థమును పరీక్షకులు తెలుపవలెను.

పలు ఆటల ఫలితములను ఒకే అంకెగా కూర్చునప్పుడును జాగ్రత్త కావలెను. ఒక కార్డు తేలికైన ఆటలో 400, బరువైన ఆటలో 40 ఫ్రేములిచ్చినదనుకొందము. మరియొకటి 300, 50 ఇచ్చినది. మామూలు సగటున మొదటిది 220, రెండవది 175. మొదటిది నాలుగవ వంతు మేలని తోచును. కాని ఆట బరువెక్కి ఫ్రేముల కొరత కనబడు చోట రెండవదే నాలుగవ వంతు ముందున్నది. రెండు అంకెలను గుణించి వర్గమూలము తీయు గుణమధ్యమ పద్ధతిలో మొదటిది సుమారు 126, రెండవది 122. వ్యత్యాసము మూడు శాతము మాత్రమే. అందుచేత పలు ఆటల సగటునకు గుణమధ్యమమే తగినది. ఆటవారీ అంకెలను కూడ ప్రక్కన చూపుట అంతకంటె తగినది.

చిత్రమును చూడక అంకెను నమ్మరాదు

2018 నుండి ఎన్విడియావారి డీఎల్ఎస్ఎస్, 2021 నుండి ఏఎండివారి ఎఫ్ఎస్ఆర్ ప్రచారములోనికి వచ్చినవి. చిత్రమును తక్కువ పిక్సెళ్లతో గీసి, తరువాత పెద్ద తెరకు సరిపడునట్లు పెంచుట వీని పని. 3840×2160 తెరపై ‘పర్ఫార్మెన్స్’ అను సెట్టింగు ఎన్నుకొన్నచో కార్డు నిజముగా గీయునది 1920×1080 చిత్రము; అనగా నాలుగవ వంతు పని. ఇవి ఉపయోగకరములే, కాని ఒక కార్డును ఈ సహాయముతోను, మరియొకదానిని సహాయము లేకయు కొలిచి ప్రక్క ప్రక్కన నిలుపుట న్యాయము కాదు. 2022లో డీఎల్ఎస్ఎస్ 3తో వచ్చిన ఫ్రేము సృష్టి మరియొక అడుగు ముందుకు పోయి, గీసిన రెండు ఫ్రేముల నడుమ ఊహించిన ఫ్రేమును చేర్చును. కదలిక నునుపుగా కనబడును. ఆటగాని చేతికి ఆట స్పందించు వేగము మాత్రము దానివలన పెరుగదు. ఇట్టి అంకెలను వేరు పట్టికలో, వేరు పేరుతో చూపవలెను.

కార్డులోని మెమరీ చాలనప్పుడు కొన్ని ఆటలు వేగము తగ్గింపక, వస్తువుల పైపూతలను మసకగా గీసి సరిపెట్టుకొనును. 2023లో ఎన్విడియావారు జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 4060 టీఐ కార్డును ఒకే చిప్పుతో 8 జీబీ, 16 జీబీ అను రెండు రకములుగా విడుదల చేసిరి. అట్టి రెండు కార్డులకు అనేక ఆటలలో అంకెలు దగ్గరగనే యుండును. మెమరీ చాలని ఆటలో తేడా అంకెలోనో, చిత్రములోనో బయటపడును. ఒక్క అంకెనే చూచువానికి రెండవది కనబడదు.

వేడిమి తుదివిషయము. కార్డు చల్లగా నున్నప్పుడు వేగముగా పరుగెత్తి, వేడెక్కిన కొలది నెమ్మదించును. కావున కార్డును కొన్ని నిమిషములు నడపి వేడిమి నిలకడయైన పిదపనే కొలువవలెను; గది ఉష్ణోగ్రతను పట్టికలో తెలుపవలెను. చల్లని గదిలో కొలిచిన అంకెకును, 40 డిగ్రీలు దాటు వేసవిలో బళ్లారిలోనో, కర్నూలులోనో, విజయవాడలోనో ఏసీ లేని గదిలో వచ్చు అంకెకును తేడా యుండవచ్చును. ఆ ఊళ్లవారికి కార్డు పంకాల నాణ్యత, క్యాబినెట్టులో గాలి ఆడు వీలు కూడ సామర్థ్యములో భాగములే.

ఇంతవరకు చెప్పినదానివలన తేలునది ఒక్కటి. పట్టికలో ఏ కార్డు పైన నున్నదని అడుగుటకు ముందు, ఆ పట్టిక ఏ ప్రశ్నకు సమాధానమని అడుగవలెను. తాము ఆడు ఆటలు అందులో ఉన్నవా, తమ తెర కొలతతోనే కొలిచిరా, నెమ్మది ఫ్రేముల లెక్క చూపిరా, ఆట కూర్పును, డ్రైవరును, సెట్టింగులను తెలిపిరా అని విచారించి చూచువాడు ప్రకటనలకు లోబడడు. ఒకరి పట్టికను మరియొకరి పట్టికతో సరిచూచి, రెండును ఏకీభవించిన చోటనే నమ్మకముంచుట మేలు. ఇల్లు గడుపుకొనుచు, పిల్లల కోరికకై కొంత కొంతగా కూడబెట్టిన సొమ్ముతో కార్డు కొను తల్లిదండ్రులకు ఈ పాటి విచారణ ఒక సాయంకాలపు పని. ఆ సాయంకాలము వృథా కాదు.